బిలాస్‌పూర్ రైలు పట్టణంలో మత్తుపదార్థాల చరిత్ర: ఐదవ శీలం వెలుగులో ఒక పరిశీలన

బిలాస్‌పూర్ జిల్లా మల్హార్‌లో లభించిన మహాశివగుప్త బాలార్జునుని తామ్రశాసనం బౌద్ధచరిత్ర పరిశోధకులకు కొత్తది కాదు. మేనమామ భాస్కరవర్మ విన్నపం మేరకు ఆ పాండువంశపు రాజు కైలాసపురమనే గ్రామాన్ని తరడంశకంలోని ఒక చిన్న విహారంలో నివసించే భిక్షుసంఘానికి దానం చేశాడు. రాజు శైవుడు, దానం పొందినవారు బౌద్ధులు. ఆ విహారికను కట్టించినది కోరదేవుని భార్య అలకా అని శాసనం పేరు పెట్టి చెబుతుంది. దాదాపు పధ్నాలుగు వందల ఏండ్ల తరువాత కూడా ఆమె మనకు తెలియడానికి కారణం ఆ ఒక్క ప్రస్తావన.

మల్హార్ వెళ్లదలచినవారు సాధారణంగా బిలాస్‌పూర్ జంక్షన్‌లో దిగుతారు. ప్రస్తుత వ్యాసం ఆ స్టేషను చుట్టూ పెరిగిన పట్టణం గురించి, అక్కడ మత్తుపదార్థాలు నడిచిన తీరు గురించి. నూటముప్పై ఏండ్లకు పైబడిన ఈ చరిత్రకు ఆధారాలు తక్కువేమీ కావు. సేర్లు, సుంకాలు, దుకాణాల వేలాలు, తరువాతి కాలంలో కిలోలు, కేసులు, అన్నీ కాగితం మీద ఉన్నాయి. త్రాగినవాడు, పీల్చినవాడు, మాత్ర మింగినవాడు మాత్రం ఆ కాగితాలలో అరుదుగా కనబడతాడు. వినయపిటకంలో సురాపాన నిషేధం పుట్టిన కథ ఇందుకు పూర్తిగా భిన్నమైనది. అక్కడ మొదట కనబడేది నగరద్వారం వద్ద పడిపోయిన ఒక మనిషి.

ముందుగా పట్టణం సంగతి. 1880వ దశకం ఆరంభంలో నాగపూర్ నుండి రాజనంద్‌గావ్ వరకు వేసిన మీటర్‌గేజి మార్గాన్ని 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ స్వీకరించి, బ్రాడ్‌గేజిగా మార్చి తూర్పుకు పొడిగించింది. 1891 నాటికి బిలాస్‌పూర్ మీదుగా ఆసన్‌సోల్ దాకా బండ్లు నడిచాయి. కట్నీ శాఖ కూడా అప్పటిదే. రతన్‌పూర్ కలచురి రాజుల నీడలో ఒక మూలగా ఉన్న ఊరు ఒక్క దశాబ్దంలో కూడలి అయింది. అదే కంపెనీ వాల్తేరు వైపు కూడా తన మార్గాలను విస్తరించడంతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల తెలుగువారు రైల్వే కొలువులకై ఖరగ్‌పూర్‌కు వెళ్లినట్లే బిలాస్‌పూర్‌కూ వెళ్లారు. 1931లో విజయనగరం–రాయపూర్ మార్గం పూర్తయ్యాక ఆ రాకపోకలు మరింత సులువయ్యాయి. 2003 నుండి ఈ పట్టణం ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం.

రవీంద్రనాథ్ ఠాగూర్ ‘పలాతకా’ సంపుటిలోని ‘ఫాంకి’ అనే కవితకు ఈ స్టేషనే రంగస్థలమని తెలిసినవారు తక్కువ. జబ్బుపడిన భార్యతో ప్రయాణిస్తున్న భర్త బిలాస్‌పూర్‌లో బండి మారవలసి వస్తుంది. అక్కడ కనబడిన ఒక కూలివాని భార్యకు ఇరవై ఐదు రూపాయలు ఇమ్మని ఆమె కోరితే, అతడు రెండు రూపాయలిచ్చి పంపివేసి, అడిగినంతా ఇచ్చానని నమ్మబలుకుతాడు. భార్య మరణించాక ఆ ఋణం తీర్చుకోవడానికి తిరిగివస్తే, ఆ కూలి కుటుంబం ఎక్కడికి పోయిందో చెప్పగలవారు స్టేషనులో ఒక్కరూ ఉండరు. చరిత్రకారునికి ఇది కల్పన అనిపించదు. 1896–97లోను, 1899–1900లోను వచ్చిన కరవులలో ఛత్తీస్‌గఢ్ మైదానం నుండి అస్సాం తేయాకు తోటలకు తరలిపోయిన వేలాది కూలీలలో ఎందరి పేర్లు మనకు దక్కాయి?

రైలు రాకముందు ఇక్కడ మత్తు లేదని కాదు. ఇప్పపూలతో తీసే సారా ఆదివాసుల పెళ్లిలో, చావులో, దేవర కొలువులో భాగం. వినయపిటకంలోని నిర్వచనం ‘మేరయ’ను పూలు, పండ్లు, తేనె, బెల్లం వంటి మూలపదార్థాలను బట్టి విభజిస్తుంది. ఇప్పసారా అందులోని పుష్పాసవానికి చక్కగా సరిపోతుంది. నిషేధించేవారికి ఆ ద్రవ్యం ఎంత దగ్గరగా తెలుసునో ఈ వర్గీకరణే సాక్ష్యం. ఈ నేల మీదనే 1756లో గిరౌద్‌పురిలో జన్మించిన గురు ఘాసీదాస్ మద్యాన్ని, పొగాకును విడువమని బోధించి సత్‌నామీ సమాజాన్ని నిలబెట్టాడు. అయితే ఆకుచుట్టను వదలలేని వర్గమొకటి ‘చుంగియా’ అన్న పేరుతో వేరుపడింది. నియమం పెట్టిన కొద్ది కాలంలోనే దాన్ని పాటించలేనివారికి ఒక పేరు పుట్టడం గమనించదగినది. వ్యసనమంటే ఏమిటో నాటి సమాజానికి వేరే గ్రంథం చదవకుండానే తెలుసు.

రైలుతోపాటు వచ్చినది మత్తు కాదు, మత్తు లెక్క. మధ్యపరగణాల ప్రభుత్వం గంజాయి సాగును నిమాడ్ జిల్లా ఖండ్వా ప్రాంతానికి పరిమితం చేసి, అక్కడి గిడ్డంగి నుండి లైసెన్సు దుకాణాలకు సుంకం కట్టించుకొని పంపేది. 1893లో బ్రిటిష్ పార్లమెంటులో వచ్చిన ప్రశ్న ఫలితంగా భారత గంజాయి విచారణ సంఘం ఏర్పడింది. మాక్‌వర్త్ యంగ్ దానికి అధ్యక్షుడు. 1,193 మంది సాక్షులను విచారించి 1894లో నివేదిక సమర్పించింది. మితంగా వాడితే చెప్పుకోదగిన హాని లేదనీ, మితిమీరితే హాని ఉందనీ, పూర్తి నిషేధం అవసరం లేదనీ, సుంకం ద్వారా అదుపు చేయవచ్చుననీ దాని నిర్ణయం.

ఆ నివేదికలో తెలుగు పాఠకునికి ఆశ్చర్యం కలిగించే పేరొకటి ఉంది. మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాయి సాగుకు ప్రసిద్ధమైన తావులలో ఒకటి నాటి కృష్ణా జిల్లా బాపట్ల తాలూకాలోని సంతరావూరు. అదే కృష్ణా జిల్లాలో, విచారణ సంఘం ఏర్పడడానికి ఒక్క ఏడాది ముందు, 1892లో అలెగ్జాండర్ రీ భట్టిప్రోలు స్తూపంలో ధాతుకరండాలను వెలికితీశాడు. ఆ కరండాల మీది లిపి గురించి మన విద్వాంసులు వ్రాసిన పుటలకు లెక్క లేదు. పక్క తాలూకాలోని సంతరావూరు రైతు ఏమి పండించాడో, ఎందుకు పండించాడో ఎవరికీ పట్టలేదు. ఇది నిందగా అనడం లేదు. మన శాస్త్రం రాతిని చదవడంలో ఆరితేరింది, కూలి గొంతును వినడంలో ఇంకా వెనుకబడి ఉంది, అంతే.

విచారణ సంఘం చేసిన ఒక పని నేటికీ ఆదర్శప్రాయం. గంజాయి వల్ల పిచ్చి పుడుతుందన్న నమ్మకానికి ఆనాడు పిచ్చాసుపత్రుల లెక్కలే ఆధారం. ఆ లెక్కలు ఎలా తయారవుతున్నాయో సంఘం పరిశీలించింది. రోగిని తెచ్చేటప్పుడు పూరించవలసిన పత్రంలో ‘కారణం’ అన్న గడి ఒకటి. తెచ్చిన పోలీసువానికి రోగి పూర్వచరిత్ర తెలియదు, ఖాళీ వదిలితే పైవారు ఊరుకోరు. కాబట్టి ‘గంజాయి’ అని వ్రాసేవాడు. 1892లో గంజాయి వల్లనేనని నమోదైన 222 కేసులను సంఘం ఒక్కొక్కటిగా తిరిగి విచారిస్తే, ఆ కారణాన్ని ఏదో ఒక మేరకు అంగీకరించదగినవి 98 మాత్రమే మిగిలాయి. ఆ 98 సున్నా కాదన్నదీ మరువరాదు. నేడు గంజాయిని నిర్దోషిగా చూపదలచినవారు మొదటి సంఖ్యను, దోషిగా చూపదలచినవారు రెండవ సంఖ్యను దాటవేస్తుంటారు. రెండింటి మధ్య ఉన్నది ఒక్క పదంతో ముగిసిపోయిన మనుషుల కథలు.

ఈ సందర్భంలో వినయపిటకాన్ని తెరవడం కేవలం మతాభిమానం కాదు. పాచిత్తియ నియమాలలో సురాపాన నిషేధానికి మూలమైన సాగతథేరుని వృత్తాంతం భిక్షువులకు కంఠస్థమే. అంబతిత్థంలోని జటిలుల ఆశ్రమంలో భయంకర నాగాన్ని తన తేజోబలంతో లొంగదీసిన సాగతునికి కోశాంబి ఉపాసకులు ఏదైనా దుర్లభమైనది సమర్పించాలనుకొంటారు. ఛబ్బగ్గియ భిక్షువుల సలహాపై ఇంటింటా కాపోతికా అనే తేటమద్యం సిద్ధపరుస్తారు. ప్రతి ఇంటా త్రాగిన సాగతుడు నగరద్వారం వద్ద కూలిపోతాడు. భిక్షువులు అతన్ని ఆరామానికి మోసుకొనివచ్చి శిరస్సు భగవానుని వైపు ఉండేలా పడుకోబెడితే, ఒళ్లెరుగక తిరిగి పాదాలు అటు చాపుతాడు. ఇంతకుముందు వినయంతో మెలగినవాడే కదా, నాగాన్ని జయించినవాడు ఇప్పుడు నీటిపామునైనా ఎదుర్కొనగలడా అని భగవానుడు ప్రశ్నిస్తాడు. ఆ తరువాతనే నియమం.

ఇందులో మూడు సంగతులు చరిత్రకారుని దృష్టికి వస్తాయి. పడిపోయినవాడు బలహీనుడు కాడు. త్రాగించినవారు దుర్మార్గులు కారు, గౌరవించబోయిన ఊరివారు. ఇక ఆ దోషం పారాజికం కాదు, పాచిత్తియం. అనగా ఒప్పుకొని సంఘంలోనే కొనసాగవచ్చు. అంగుత్తరనికాయంలో తేజోధాతు కుశలులలో అగ్రగణ్యునిగా పేర్కొన్నది ఈ సాగతునే. ఆ ఒక్క దినం అతని పేరును తుడిచివేయలేదు.

ఔషధానికీ మత్తుకూ నడుమ గీత ఎక్కడ గీయాలన్న ప్రశ్న కూడా సంఘానికి ఎదురైంది. మహావగ్గంలోని భేసజ్జక్ఖంధకంలో పిలిందవచ్ఛుని వాతరోగానికి మద్యం కలిపి కాచిన తైలం అనుమతించబడింది. ఛబ్బగ్గియులు మద్యం ఎక్కువగా పోసి మత్తెక్కారు. అప్పుడు రంగు, వాసన, రుచి తెలియనంత మేరకే కలపాలని, ఎక్కువైనదాన్ని ఒంటికి మర్దనకు వాడాలని నియమం బిగుసుకొంది. దగ్గుమందు సీసాను మత్తుకై ఖాళీచేయడం ఈ శతాబ్దపు కనుగోలు కాదన్నమాట. అదే ఖంధకంలో చెమట పట్టించే చికిత్సలలో ‘భంగోదకం’ అన్న మాట వస్తుంది. పాశ్చాత్య అనువాదకులు దాన్ని గంజాయి ఆకుల నీరుగా తీసుకొన్నారు. బుద్ధఘోషుని అట్ఠకథ మాత్రం నానావిధ పర్ణాల ముక్కలు వేసి కాచిన నీరని వివరిస్తుంది. ఇక్కడ ‘భంగ’ అంటే తుంచిన ఆకు. అట్ఠకథ వివరణే సమంజసమని నా అభిప్రాయం. ఏమైనా అది ఒంటిపై పోసుకొనేది, లోనికి తీసుకొనేది కాదు. ఈ ఒక్క పదాన్ని పట్టుకొని బుద్ధుడు భంగును అనుమతించాడని ప్రచారం చేసేవారికి ఆ తేడా చెప్పవలసిన బాధ్యత మన పండితులదే.

మల్హార్‌లోని హేవజ్రమూర్తిని చూపి వజ్రయానులు మత్తును ఆమోదించారని వాదించేవారూ ఉన్నారు. శిల్పంలోని కపాలపాత్రను దైనందిన ఆచారానికి నిదర్శనంగా చదవడం ప్రతిమాశాస్త్రానికే విరుద్ధం. అంతకంటే ఈ విషయమై ఇక్కడ వ్రాయవలసినది లేదు.

అభిధర్మకోశంలో వసుబంధుడు ఎత్తిన చర్చ మాత్రం ఆగి చూడదగినది. మద్యపానం ప్రకృతిసావద్యమా, అనగా స్వభావంచేతనే దోషమా, లేక నిషేధించినందువల్ల దోషమైనదా? వినయధరులది మొదటి పక్షం. రోగికి ప్రకృతిసావద్యం తప్ప ఏదైనా ఇవ్వవచ్చునన్న బుద్ధవచనం ఉండగా, రోగులైన శాక్యులకు సైతం మద్యం అనుమతించలేదు గనుక అది స్వభావదోషమేనని వారి వాదం. ఆభిధార్మికులు అంగీకరించరు. ఎంత మోతాదు మత్తెక్కిస్తుందో నిర్ణయించలేము గనుక నిషేధించారే తప్ప, ద్రవ్యంలో పాపం లేదంటారు. నాగార్జునుని పేర ప్రసిద్ధమై, కుమారజీవుని చైనీయ అనువాదంలో నిలిచిన మహాప్రజ్ఞాపారమితాశాస్త్రం మద్యానికి 35 దోషాలను ఎంచుతుంది. హ్యూయెన్‌త్సాంగ్ ఆ నాగార్జునుని నివాసాన్ని కోసలదేశంతో ముడిపెట్టాడు. నేటి ఛత్తీస్‌గఢే ఆ దక్షిణకోసలం.

1894 నాటి సంఘం మితం, అమితం అన్న మాటలతో తేల్చిన ప్రశ్నను మన శాసనకర్తలు 1985లో మరోవిధంగా తేల్చారు. ఆ సంవత్సరం నవంబరు 14న అమలులోకి వచ్చిన మాదకద్రవ్యాల చట్టం గంజాయిని పూత భాగంగా నిర్వచించి, పూతతో కలవని ఆకును, విత్తనాన్ని వదిలివేసింది. భంగు దుకాణాలు నిలిచి ఉండడానికి కారణం అదే. 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం, శిక్ష కనీసం పదేండ్లు. సుంకం పోయి నేరం వచ్చింది, తూకం మాత్రం అలాగే ఉంది.

ఈ తూకం నేడు మళ్లీ తెలుగునేలతో బిలాస్‌పూర్‌ను కలుపుతున్నది. ఆంధ్ర–ఒడిశా సరిహద్దు కొండలలో పండే గంజాయి ఉత్తరాదికి చేరే దారులలో ఛత్తీస్‌గఢ్ ఒకటి. విశాఖపట్నం నుండి రాయగడ, టిట్లాగఢ్, రాయపూర్ మీదుగా బిలాస్‌పూర్ చేరి కోర్బాకు పోయే బండి మామూలు సంసారుల బండి. పెళ్లిళ్లకు, పండుగలకు తెలుగు రైల్వే కుటుంబాలు ఎక్కేదీ అదే. ఇటువంటి బండ్లలో సరుకు కూడా ప్రయాణించగలదు గనుకనే 2019లో రైల్వే రక్షక దళానికి మాదకద్రవ్యాల చట్టం కింద అధికారాలిచ్చారు. ఆంధ్రప్రదేశ్ పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన్’ పేర 2021లో ఏజెన్సీలో వేలాది ఎకరాల పంటను నాశనం చేసి, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి సమీపంలోని కోడూరు వద్ద సుమారు రెండు లక్షల కిలోల గంజాయిని తగులబెట్టారు. పట్టుబడేవారిలో సంచి మోసినవారే ఎక్కువగా కనబడతారు, సంచి నింపించినవారు అరుదు. కొండరైతుకు మారుపంట, కూలికి మారుపని లేనిచోట ఈ సంఖ్యలు ఎంత పెరిగినా సంతోషించలేము.

బిలాస్‌పూర్‌లో ఇప్పుడు భయపెట్టేది గంజాయి కంటే మందుల దుకాణపు సరుకు. నిద్రకై ఇచ్చే నైట్రాజెపామ్ మాత్రలు, కోడీన్ కలిసిన దగ్గుమందు ఛత్తీస్‌గఢ్ పట్టణాలలో యువకుల చేతికి చేరాయి. జిల్లా పోలీసులు 2023లో ‘నిజాత్’ అనే ప్రచారోద్యమం నడిపారు. హిందీలో ఆ మాటకు విముక్తి అని అర్థం. రైల్వేకు సంబంధించి ఇందులో ఒక ప్రత్యేక ప్రమాదం ఉంది. బండి నడిపేవారు విధిలో చేరేముందు శ్వాసపరీక్ష తప్పనిసరి. ఆ యంత్రం మద్యాన్ని పట్టగలదు, నిద్రమాత్రను పట్టలేదు. రాత్రింబవళ్లు తారుమారయ్యే కొలువులో నిద్ర పట్టక మాత్ర మొదలుపెట్టినవాడు వ్యసనపరుడని తనను తాను ఎన్నడూ అనుకోడు. ఈ మాత్రలు మద్యంతో కలిస్తే శ్వాసను మందగింపజేసి ప్రాణం తీయగలవు. ఏండ్ల తరబడి వాడి ఒక్కసారిగా మానివేస్తే మూర్ఛలు రావచ్చు. కాబట్టి ‘మనసు గట్టిచేసుకొని ఇవాళే మానెయ్యి’ అన్న సలహా, అది విహారం నుండి వచ్చినా సరే, అపాయకరం. వైద్యుని పర్యవేక్షణలో మోతాదు క్రమంగా తగ్గించాలి. ఎక్కువగా త్రాగే అలవాటున్నవారి విషయంలోనూ ఇంతే. మానిన రెండు మూడు దినాలలో వచ్చే సన్నిపాతం ప్రాణాంతకం కాగలదు. గంజాయి విషయంలో చిన్న వయసులో మొదలుపెట్టినవారికే వ్యసనం, చిత్తభ్రమల ముప్పు ఎక్కువ.

మనుషులను లెక్కించిన ప్రయత్నం ఒకటి ఇటీవల జరిగింది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్‌లోని వ్యసన చికిత్సా కేంద్రం నిర్వహించి 2019లో వెలువరించిన జాతీయ సర్వే అది. 10 నుండి 75 ఏండ్ల వయసువారిలో మద్యం త్రాగేవారు దేశం మొత్తం మీద 14.6 శాతం కాగా, ఛత్తీస్‌గఢ్‌లో 35.6 శాతం. రాష్ట్రాలన్నిటిలో అదే అత్యధికం. గంజాయి, భంగు వంటివి వాడేవారు దేశంలో 2.8 శాతం, అనగా మూడు కోట్లకు పైగా. జాతీయ సగటును గణనీయంగా మించిన రాష్ట్రాలలో ఛత్తీస్‌గఢ్ ఒకటి. జిగురు, ద్రావకాలను పీల్చే అలవాటు పెద్దలలో 0.58 శాతమైతే బాలలలో 1.17 శాతం. మత్తుపదార్థాలలో పెద్దలకంటే పిల్లలే ఎక్కువగా వాడేది ఇదొక్కటే. స్టేషను వంతెనల కింద పెరిగే పిల్లలను చూసినవారికి ఆ అంకె అర్థమవుతుంది. అన్నిటికంటే నన్ను ఆపిన సంఖ్య వేరు. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఏదో ఒక చికిత్స పొందినవాడు ఒక్కడు.

చికిత్సకు తావు లేకపోలేదు. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వ మానసిక వైద్యశాల బిలాస్‌పూర్ పక్కనే సేంద్రీలో ఉంది. జాతీయ సహాయవాణి 14446కు ఎక్కడినుండైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. మాదకద్రవ్యాల చట్టంలోనే 64ఎ సెక్షను ఉంది. స్వల్ప పరిమాణంతో పట్టుబడిన, లేదా కేవలం సేవించిన వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్స కోరితే ఆ నేరానికి విచారణ నుండి మినహాయింపు లభిస్తుంది. చికిత్స మధ్యలో మానితే ఆ మినహాయింపు రద్దు కావచ్చు. ఒప్పుకొన్నవానికి సంఘంలోనే చోటు చూపిన పాచిత్తియ దృష్టికి ఈ సెక్షను ఎంత దగ్గరగా ఉన్నదో న్యాయవాదులకంటే భిక్షువులే ముందుగా గ్రహించగలరు. దురదృష్టవశాత్తు దాన్ని గురించి తెలిసిన కుటుంబాలు తక్కువ.

మల్హార్, సిర్పూర్ యాత్రకు ఏటా మన సంస్థల నుండి వెళ్లే బృందాలు బిలాస్‌పూర్‌లో ఒక పూట గడపడం పరిపాటి. ఆ పూట రైల్వే కాలనీలోని తెలుగు పెద్దల వద్ద కూర్చుని, వారి తండ్రుల కాలపు సారా దుకాణం ఎక్కడుండేది, జీతం దినాన ఇంటికి ఎంత చేరేది, ఎవరు మానగలిగారు, ఎలా మానగలిగారు అన్న ప్రశ్నలు అడిగి, పేర్లు గోప్యంగా ఉంచుతూ వ్రాసిపెట్టవచ్చు. ఆవిరి యంత్రాల కాలంలో బొగ్గు వేసిన ఫైర్‌మన్‌ల తరం కనుమరుగవుతున్నది. అదే ప్రయాణంలో 14446 అన్న అంకెను, 64ఎ అన్న సెక్షనును తెలుగులో ముద్రించిన చిన్న కాగితం వెంట తీసుకొనిపోవడానికి ఖర్చు ఏమంత కాదు. బిలాస్‌పూర్ నుండి మల్హార్ దాదాపు ముప్పై కిలోమీటర్లు, మస్తూరీ మీదుగా దారి. ఉదయం కాలనీలో కూర్చుని బయలుదేరినా మధ్యాహ్నానికి శిల్పాల వద్దకు చేరుకోవచ్చు.